టీం అంటే ఎవరెవరు?

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడొకడు నా సీటు దగ్గరికొచ్చి, "మన ఆఫీసు మెసెంజర్ నుంచి సర్వర్ పడిపోతే అందరి ఫోన్లకీ ఎస్సెమ్మెస్ వెళ్ళేలా పెడుతున్నానండీ, లిస్టు పేరు టీం అని ఇచ్చేస్తున్నా" అన్నాడు. "టీం అంటే ఎవరెవరు?" అన్నాను. "టీం అండీ, మనందరం" అన్నాడు. "అదే, మనందరం అంటే ఎవరెవరు? పేర్లు చెప్పు" అన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు. వాడి తప్పేం లేదు లెండి. నా చాదస్తానికి కారణం వాడికి చెప్పలేదు, ఇక్కడ చెప్తాను.

2008లో హైదరాబాదులో ఒక కంపెనీలో పనిచేసేవాణ్ణి. మా ఆఫీసు చాటింగు ప్రోగ్రాములో ఒక మూల ఎస్సెమ్మెస్ బొత్తం ఉండేది. మెసేజి రాసి, ఒక పేరో, ఒక లిస్టో ఎంచుకుని నొక్కితే కంప్యూటర్లోంచి ఫోన్లకి పోయేది. దాన్ని ఎస్సెమ్మెస్ గేట్‌వేకి కలిపింది నేనే. ఆ స్క్రీను రాసింది కూడా నేనే. లిస్టు ఎంచుకుంటే లిస్టు పేరు మాత్రం కనపడుతుంది, అందులో ఉన్నవాళ్ళ పేర్లు కనపడవు. చోటు సరిపోదని నేనే తీసేశాను.

ఒకరోజు సాయంత్రం మా టీంలో నా స్నేహితుడికి ఇంటి నుంచి ఫోనొచ్చింది, నాన్నకి ఒంట్లో బాలేదు, వెంటనే బయల్దేరమని. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కించి వచ్చాను. రాత్రి పదిన్నర దాటాక వాళ్ళ బావగారు నాకు ఫోన్ చేశారు. పెద్దాయన సాయంత్రమే పోయారు. "వాడికి చెప్పకండి, విశాఖపట్నం స్టేషనుకి నేనొచ్చి తీసుకెళ్తాను, ఒక్కడే రైల్లో ఉన్నాడు" అన్నారు. టీంలో ఎవరైనా పని మీద వాడికి ఫోన్ చేసి, తెలిసో తెలియకో నోరుజారతారేమోనని నాకు భయమేసింది. నేనింకా ఆఫీసులోనే ఉన్నాను. మెసెంజర్ తెరిచి టైపు చేశాను: వాళ్ళ నాన్నగారు సాయంత్రం పోయారు, తనకింకా తెలీదు, రైల్లో ఉన్నాడు, ఎవరూ ఫోన్ చెయ్యొద్దు. టీం అని ఎంచుకున్నాను. నొక్కాను.

రెండు క్షణాల్లో నా ఫోనే మోగింది. నేను పంపిన మెసేజి నాకే వచ్చింది. లిస్టులో నేను కూడా ఉన్నానని అప్పుడు తెలిసింది. నేనుంటే వాడూ ఉంటాడు. స్క్రీను మీద "14 మందికి అందింది" అని చూపిస్తోంది. మా టీం, వాడితో కలిపి, 14 మందిమి.

మిగతాది చివర్లో చెప్తాను. ఆ రాత్రి తర్వాత నాకొక పిచ్చి పట్టుకుంది. ఒకే మాటని ఒకేసారి పదిమందికి పంపడం అసలెప్పుడు మొదలైంది, పంపేవాడికి ఆ పదిమందీ కనపడకుండా పోయింది ఎప్పుడు, అని చదవడం మొదలుపెట్టాను.

టెలిగ్రాంతో మొదలుపెడదాం. ఒకే వార్తని చాలామందికి పంపే పద్ధతి టెలిగ్రాఫు వాళ్ళకి అప్పుడే ఉంది. 20వ శతాబ్దం మొదటి సగం నాటి అంతర్జాతీయ టెలిగ్రాఫు నియమాల్లో దీనికొక గుర్తుంది: టిఎం, దాని పక్కన ఒక అంకె. ఆ అంకె ఎన్ని అడ్రసులకి వెళ్ళాలో చెప్తుంది. అంటే పంపేవాడు లెక్కపెట్టి రాయాల్సిందే. ఇందులో నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. ఒక్కొక్కరికి వెళ్ళే కాపీ మీద వాళ్ళ అడ్రసు మాత్రమే వేస్తారు. ఇంకెవరెవరికి వెళ్ళిందో కూడా తెలియాలనుకుంటే పంపేవాడు సిటిఎ అనే గుర్తు విడిగా రాయాలి, అంటే "అడ్రసులన్నీ అందరికీ తెలియజేయండి" అని. మనం ఈమెయిల్లో సీసీ, బీసీసీ అంటూ తన్నుకుంటున్న గొడవని వాళ్ళు రెండు మూడు అక్షరాల్లో తేల్చేశారు.

మన ఊళ్ళలో టెలిగ్రాం అంటే చావు కబురే అనుకునేవాళ్ళం. చదవకముందే ఏడుపులు మొదలయ్యేవి. మా ఊరి పోస్ట్‌మాన్ అలాంటిది తెస్తే తిన్నగా ఇంట్లోకి వెళ్ళేవాడు కాదు. ముందు పక్కింటాయన్ని బయటికి పిలిచి చెవిలో చెప్పి, ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. నేను రాసిన గేట్‌వే ప్రోగ్రాములో ఆ పని చేసే లైను ఒక్కటీ లేదు. (టెలిగ్రాం సేవని మన దేశంలో 2013 జులైలో మూసేశారు.)

ఆఫీసుల సంగతికొస్తే, టైపురైటరూ కార్బన్ పేపరూ ఉన్నన్నాళ్ళు పెద్ద ప్రమాదం లేదు. ఐదారు కాగితాలు దాటితే అడుగుది మసక మసగ్గా వస్తుంది. పైగా ఎవరికి పంపుతున్నారో కింద వరసగా పేర్లు టైపు చెయ్యాలి. పేరు టైపు చేస్తున్నంతసేపు ఆ మనిషి గుర్తుకొస్తాడు కదా. ఈమెయిల్లో మనం రోజూ చూసే సీసీ అన్న రెండక్షరాలూ ఆ కార్బన్ కాపీవే.

కంప్యూటర్లలో కథ ఎంఐటీలో మొదలైంది. అక్కడ సీటీఎస్ఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థకి 1965లో టాం వాన్ వ్లెక్, నోయెల్ మోరిస్ అనే ఇద్దరు కలిసి మెయిల్ అనే కమాండు రాశారు. దాంట్లో వాడకందార్లందరికీ ఒకేసారి పంపే వీలు కూడా ఉంది, కాకపోతే అది సిస్టం చూసుకునేవాళ్ళకి మాత్రమే. 1971 ప్రాంతంలో ఆ వీలున్న ఒకాయన వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా ఓ పెద్ద సందేశం రాసి అందరికీ పంపేశాడు. ఇలా పంపడం బాలేదని వాన్ వ్లెక్ అంటే, ఇది ముఖ్యమైన విషయం కదా అని ఆయన జవాబు. ఆ జవాబు చదివి నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆ రాత్రి నేను టీం అని నొక్కినప్పుడు నా మనసులో ఉన్నదీ అదే.

అదే 1971లో అమెరికా ప్రభుత్వంలో ఇప్పటి ఆఫీసు మెసెంజర్లకి తాత లాంటిది ఒకటి పుట్టింది. ఆగస్టు 15న నిక్సన్ ధరల్నీ జీతాల్నీ 90 రోజులపాటు స్తంభింపజేశాడు. దాన్ని అమలు చెయ్యాల్సిన అత్యవసర వ్యవహారాల కార్యాలయానికి ప్రాంతీయ కార్యాలయాలన్నిటితో రోజూ మాట్లాడాల్సిన పని పడింది. అక్కడ పనిచేసే మర్రే టురోఫ్ అనే ఆయన ఎమిసారి అనే ప్రోగ్రాం తయారు చేశాడు. వేరువేరు ఊళ్ళలో టెర్మినళ్ళ ముందు కూర్చున్న ఉద్యోగులు ఒకేచోట మాట్లాడుకునే ఏర్పాటు అది. ఇప్పుడు మనం చేస్తున్నదీ అదే కదా, రంగులూ బొమ్మలూ ఎక్కువయ్యాయి అంతే.

ఆ తర్వాత 1978 మే. గ్యారీ థుర్క్ అనే మార్కెటింగు మనిషి డెక్ కంపెనీ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకి రమ్మని అర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకే మెయిలు పంపాడు. స్పాంకి ఆదిపురుషుడని ఆయన పేరు చాలామందికి తెలుసు. కథలో అంతగా చెప్పుకోని సంగతేమిటంటే, అడ్రసులు రాయాల్సిన చోటు నిండిపోయి, మిగిలిన అడ్రసులు పొంగిపొర్లి మెసేజిలోకి వచ్చిపడ్డాయి. దాంతో కొంతమందికి అసలు మెయిలే అందలేదు. అందుకున్నవాళ్ళు మాత్రం ఉత్తరం విప్పగానే ముందు ఊళ్ళోవాళ్ళ పేర్లన్నీ చదవాల్సొచ్చింది. వికారంగా ఉంటే ఉండొచ్చు, కానీ అందులో దాపరికం మాత్రం లేదు.

దానికి విరుగుడు లిస్టు. నాలుగొందల అడ్రసుల బదులు ఒక్క పేరు. శుభ్రంగా ఉంటుంది. ఎంత శుభ్రంగా ఉంటుందంటే, 1997 అక్టోబరులో మైక్రోసాఫ్ట్‌లో బెడ్‌లాం డిఎల్3 అనే లిస్టు ఒకటి ఉందనీ, అందులో తామున్నామనీ, దాంట్లో ఉన్న దాదాపు 13,000 మందిలో ఎక్కువమందికి తెలియనే తెలియదు. ఎవరో ఒకాయన చూసి, నేనీ లిస్టులో ఎందుకున్నాను, తీసెయ్యండి అని ఆ లిస్టుకే రాశాడు. నన్నూ తీసెయ్యండి అని ఇంకొకరు. నన్నూ, నన్నూ అని వరస. అందరికీ జవాబులు పంపకండి అని కొందరు అందరికీ జవాబు పంపారు! ఓ గంటలో కోటిన్నర మెయిళ్ళు, 195 గిగాబైట్లు తిరిగాయని తర్వాత ఆ జట్టువాళ్ళే రాసుకున్నారు. సర్వర్లు కూలబడ్డాయి. ఆ దెబ్బతోనే ఒక మెయిలు ఎంతమందికి వెళ్ళొచ్చో దానికి పరిమితి పెట్టారు.

ఇక ఎస్సెమ్మెస్. మొదటి ఎస్సెమ్మెస్ ఫోన్ నుంచి ఫోనుకి వెళ్ళిందనుకుంటాం. కాదు. 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ అనే ఇంజనీరు కంప్యూటర్ మీద కొట్టి, వోడాఫోన్‌లో పనిచేసే రిచర్డ్ జార్విస్ ఫోనుకి క్రిస్మస్ శుభాకాంక్షలు పంపాడు. అంటే ఆఫీసు కంప్యూటర్ నుంచి ఫోనుకి పంపడమే అసలు సంప్రదాయం, మన బొటనవేళ్ళ వ్యవహారం తర్వాతొచ్చింది.

ఆ ఎస్సెమ్మెస్ ఎలా తయారైందో చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. దాంట్లో అందుకునేవాడి నంబరుకి ఒక్కటే గడి ఉంది. గుంపు అనే మాటే అందులో లేదు. మనం వందమందికి పంపాం అనుకుంటే, వెళ్ళేవి వంద విడివిడి మెసేజిలు. అందుకునేవాడికి అది తనొక్కడికే వచ్చినట్టు కనపడుతుంది. పంపేవాడికేమో ఒక్క లిస్టు పేరు, అందుకునేవాడికి ఒక్క మెసేజి. మధ్యలో ఉన్న గుంపు ఇద్దరికీ కనపడదు, గేట్‌వే కంప్యూటర్లో తిరిగే ఫర్ లూపుకి తప్ప. కంపెనీల కంప్యూటర్లు ఆపరేటర్లతో మాట్లాడే ఎస్ఎంపీపీ అనే భాషలో ఒకే దెబ్బకి 254 దాకా నంబర్లు ఇచ్చే కమాండొకటుంది. అందులో ప్రతి చిరునామా ముందు ఒక బైటు: 1 అయితే అది నంబరు, 2 అయితే అది లిస్టు పేరు. 1 కీ 2 కీ తేడా ఒక్క అంకే.

(నా మెసేజి తెలుగు మాటలే గానీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. తెలుగు అక్షరాలైతే ఒక ఎస్సెమ్మెస్‌లో 70 పడతాయి, ఇంగ్లీషువైతే 160. ఆ రోజుల్లో చాలా ఫోన్లలో మన అక్షరాలు డబ్బాల్లా కనపడేవి. తెలుగులో కొట్టినా బావుండేదేమో, డబ్బాలు చూసి పక్కన పడేసేవాడు అని తర్వాత ఎన్నిసార్లనుకున్నానో.)

మన దేశంలో ప్రభుత్వం ఈ గుంపు మెసేజిలని రెండు రకాలుగా పట్టుకోవాలని చూసింది. మొదటిది లెక్క. 2011 సెప్టెంబరు 27 నుంచి ట్రాయ్ ఒక సిమ్ముకి రోజుకి 100 ఎస్సెమ్మెస్‌లే అంది, కొన్నాళ్ళకే 200 చేసింది. సొంత మెసేజిలకి ఆ హద్దు చెల్లదని 2012 జులైలో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. ఆ మరుసటి నెల ఆగస్టులో ఈశాన్య రాష్ట్రాల వాళ్ళ మీద దాడులు జరగబోతున్నాయని ఫోన్లలో పుకార్లు పాకాయి. బెంగుళూరు నుంచి వేలమంది మూటాముల్లె సర్దుకుని గౌహతి రైళ్ళెక్కారు. హైదరాబాదు, చెన్నై, పూణేల నుంచి కూడా వెళ్ళారు. అప్పుడు కేంద్రం రెండు వారాలపాటు ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా ఆపింది, తర్వాత ఇరవై చేసింది. ఆ మెసేజిల్లో చాలావాటిని నాలాంటివాళ్ళే మంచి మనసుతో, జాగ్రత్తగా ఉండండి అని తమవాళ్ళకి పంపి ఉంటారు. అందుకున్న ప్రతివాడూ తనకొక్కడికే ఎవరో హెచ్చరిక పంపారనుకుని ఉంటాడు.

రెండోది మాటల మీద కాపలా. 2018 నిబంధనల ప్రకారం కంపెనీలు పంపే మెసేజి నమూనాని ముందే రిజిస్టర్ చెయ్యాలి. 2021 మార్చిలో ఆ తనిఖీ మొదలుపెట్టగానే బ్యాంకు ఓటీపీలు కూడా ఆగిపోయి గగ్గోలయింది, వారం రోజులు వాయిదా వేశారు. ఇప్పుడు పంపేదెవరో చూస్తుంది, మాటలు చూస్తుంది, వద్దన్నవాళ్ళ నంబర్లు కూడా చూస్తుంది. ఈ మాట ఈ మనిషి ఈ రాత్రి చదవచ్చా అన్నది మాత్రం పంపేవాడికే వదిలేసింది. అది ఏ కంప్యూటరు చూస్తుంది లెండి.

కొత్త ప్రోగ్రాములు కొంత నయం. స్లాక్‌లో పెద్ద చానెల్లో అందరినీ పిలవబోతే, ఇంతమందికి వెళ్తుంది, పంపమంటావా అని అడుగుతుంది. టెలిగ్రాఫు వాళ్ళ టిఎం పక్కన అంకె మళ్ళీ వచ్చిందన్నమాట. కానీ అంకె సరిపోదు. ఆ రాత్రి నాకు "14" అని ముందే చూపించినా నొక్కేవాణ్ణే. 14 మా టీం అంకే కదా! పదమూడు ఉండాల్సిందని తట్టేదా? పేర్లు చూపిస్తే తట్టేది.

ఆ రాత్రి వాడికి ఫోన్ చేద్దామని నాలుగుసార్లు నంబరు నొక్కి ఆపేశాను. నిద్రపోతుంటే? చూసుకోకపోతే? చివరికి వాళ్ళ బావగారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు.

వాడు ఏలూరు దాటాక చూసుకున్నాడట. పదిహేను రోజుల తర్వాత తిరిగొచ్చాడు. నేను తలొంచుకుని కూర్చుంటే వాడే చెప్పాడు. "నాన్న పోయారని ఉంది సరే, 'తనకింకా తెలీదు' అన్నది ఎవరి గురించో రెండు నిమిషాలు అర్థం కాలేదురా. ఎవడో పాపం, అనుకున్నా." తర్వాత విశాఖపట్నం దాకా తలుపు దగ్గరే కూర్చున్నాడట. నన్నేమీ అనలేదు. ఇప్పటికీ పండగలకి ఫోన్ చేస్తాడు.

ఆ వారమే ఆ స్క్రీను మార్చి, లిస్టు ఎంచుకుంటే పేర్లన్నీ కిందకి పరుచుకునేలా చేశాను, పంపే ముందు ఒక్కొక్క పేరు పక్కనా టిక్కు పెట్టాలి. చిరాగ్గా ఉందని అందరూ తిట్టారు. నేను ఆ కంపెనీ మానేశాక తీసేశారని విన్నాను. మొన్నటి కుర్రాడు పేర్లు రాసి తెచ్చాడు, పదకొండు. అందులో ఇద్దరు కిందటేడే ఉద్యోగం మానేశారు.