కొండదారి సైకిలు - చక్రం కొలతల కథ

సైకిలు టైరు మీద 26 అనో 29 అనో అచ్చొత్తి ఉండే అంకెను చూసి అదే చక్రం కొలత అనుకోవడం లోకరీతి. అది కొలతకన్నా పేరుకే దగ్గర. చక్రపు అంచుకు అమరకోశం 'నేమి' అని పేరు పెట్టింది. వాడుకలో మనం రిమ్ము అంటున్నాం. టైరు రిమ్మును పట్టుకొనే చోట ఉన్న వ్యాసమే అసలు కొలత. (ఈ వ్యాసంలో 'వ్యాసం' రెండర్థాలలోనూ వస్తుంది, పాఠకులు మన్నించాలి.) కొండదారుల సైకిళ్ళలో 26 అనేదానికి అది 559 మిల్లీమీటర్లు, 27.5కు 584, 29కి 622. నడిమి కొలతగా అమ్ముడుపోయే 27.5 నడుమ లేనే లేదు. 26కు 25 మి.మీ. దూరంలోను, 29కి 38 మి.మీ. దూరంలోను ఉంది.

ఈ మూడింటిలో ఏ ఒక్కటీ కొండదారికని ఎవరో లెక్కగట్టి నిర్ణయించినది కాదు. 1933లో, ఆర్థిక మాంద్యం రోజులలో, చికాగోలోని ష్విన్ కంపెనీ వీధులలో పిల్లలు తొక్కే సైకిళ్ళకు 26 అంగుళాల బెలూను టైరు తెచ్చింది. దాని వెడల్పు రెండంగుళాల పైచిలుకు. నాలుగు దశాబ్దాలు గడిచాక శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న మరీన్ కౌంటీలో కొందరు యువకులు ఆ పాత బరువు సైకిళ్ళను ఏరి తెచ్చుకొని టామల్పైస్ కొండ మీదినుంచి దిగసాగారు. 1976 అక్టోబరు 21న తొలి పందెం జరిగిన మట్టిదారికి 'రీప్యాక్' అని పేరు. వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఆ దిగుడులో కాగి, హబ్బులోని గ్రీజు పొగై పోయేదట. దిగిన ప్రతిసారీ మళ్ళీ కూరుకోవాలి గనుక ఆ పేరు. 1977లో జో బ్రీజ్ కొండదారికే ప్రత్యేకించి ఫ్రేము కట్టడం మొదలుపెట్టాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి, టామ్ రిచీ చేసిన ఫ్రేములతో దుకాణం తెరిచారు. 1981లో స్టంప్‌జంపర్ రాకతో ఆ సైకిలు ఫ్యాక్టరీ సరుకైంది. ఫ్రేము మారింది, గేర్లు వచ్చాయి, బ్రేకులు మారాయి. నేమి మాత్రం 1933 నాటిదే! లావాటి టైరు చవకగా దొరికేది ఆ కొలతలోనే మరి.

పెద్ద చక్రం మేలన్న సంగతి అప్పుడే కొందరికి తెలుసు. ఇంగ్లండులో జెఫ్ ఆప్స్ అనే ఆయన ఫిన్లండు మంచు టైర్లతో సైకిళ్ళు కట్టి, 1980ల ఆరంభంలో ఆ టైర్లను కాలిఫోర్నియా మిత్రులకూ పంపాడు. వాటిని చేసింది నోకియా. అవును, మనం చేతిలో పట్టుకు తిరిగిన ఫోనుల నోకియాయే. రబ్బరు వ్యాపారం అప్పట్లో దానిలో భాగం. ఆ టైర్లు చాలినన్ని దొరికి ఉంటే కొండసైకిలు 622తోనే పుట్టి ఉండేదేమో. సరఫరా లేక ఆ ఊహ అక్కడే ఆగిపోయింది.

ఇంతకూ ఈ 622 ఎక్కడిది? ఫ్రెంచివారిది. వారి పద్ధతిలో 700 అంటే టైరుతో కలిపి చక్రం వెలుపలి వ్యాసం. ఎ, బి, సి అక్షరాలు టైరు లావును తెలుపుతాయి. టైరు లావెక్కితే వెలుపలి కొలత మారకుండా రిమ్ము చిన్నదవాలి. కనుక అందరికన్నా లావుదైన 'సి' రిమ్ము 622. తరవాత పందేల సైకిళ్ళవారు అదే రిమ్ముకు సన్నని టైరు తొడిగారు, అక్షరం అర్థం పోయింది. 1999లో 29 అంగుళాల లావు టైరు వచ్చినప్పుడు కొత్త వస్తువు పుట్టిందని సంబరపడ్డారు గానీ, 'సి' తన అర్థాన్ని తాను తిరిగి తెచ్చుకుంది, అంతే. 27.5 సైతం అదే వంశం: ఫ్రెంచివారి 650బి. సెంతెత్యేన్‌లో ఉండి వెలోసియో అనే కలంపేరుతో రాసిన పాల్ ద వివీ (1853-1930) వెడల్పు టైరు నెమ్మది కాదని ఆనాడే వాదించాడు. దూరప్రయాణికులకు ఆయన గురుతుల్యుడు.

ఒక విశేషం చెప్పకుండా ఉండలేను. ఫ్రెంచి 700బి రిమ్ము 635 మి.మీ. దానినే ఆంగ్లేయులు 28 × 1½ అన్నారు. మన పల్లెల్లో పాలక్యానులూ బియ్యం బస్తాలూ మోసిన నల్ల సైకిలుకు ఉన్నది సరిగ్గా అదే. అంటే 29 అని గొప్ప చెప్పుకొనే నేమికన్నా మన పాత సైకిలు నేమి 13 మి.మీ. పెద్దది! టైరు సన్నం గనుక పేరులో ఓడిపోయింది.

2012 లండన్ ఒలింపిక్సులో 29 తొక్కిన కుల్హవీ స్వర్ణం పొందాడు. 27.5 తొక్కిన షుర్టర్ ఒక్క సెకను వెనకబడ్డాడు. 2016 రియో నాటికి షుర్టర్ తానూ 29కి మారి స్వర్ణం గెలిచాడు. ఈ నడుమ కంపెనీలు 26ను దాదాపు విడిచిపెట్టేశాయి. లక్షలాది మంచి సైకిళ్ళు ఒక్కసారిగా పాతబడడం నాకు న్యాయంగా తోచదు.

కొలరాడోలో ఉన్న నా పూర్వశిష్యుడొకడు కెనడానుంచి మెక్సికో సరిహద్దు దాకా పోయే గ్రేట్ డివైడ్ దారిలో కొంతభాగం భార్యతో కలిసి తొక్కాలనుకొని, ఏ చక్రం కొనాలని అడిగాడు. ఛందస్సు చెప్పిన పంతులును అడగవలసిన ప్రశ్నేనా! ఆ దారి నాలుగువేల కిలోమీటర్ల పైచిలుకు. చాలామటుకు కంకర, మట్టి. ఊరికీ ఊరికీ నడుమ రోజుల ప్రయాణం ఉండే చోట టైరు చినిగితే నడకే గతి. అక్కడ 29 నయమన్నాను. పెద్ద చక్రం రాతిని తక్కువ కోణంలో తాకుతుంది, గుంటలో కూరుకోదు. దాని టైర్లే అక్కడి దుకాణాలలో ఎక్కువ. వెడల్పు రెండుంబావు అంగుళాలకు తగ్గవద్దు, గాలి గట్టిగా కొట్టవద్దు. ఆ అమ్మాయి అయిదడుగులే అన్నాడు. పొట్టివారికి పెద్ద చక్రమైతే మలుపులో పాదం ముందు టైరుకు తగలవచ్చు, హ్యాండిలు ఎత్తవుతుంది. ఆమెకు 27.5 ఇప్పించి, కాస్త లావు టైరు వేయించి, అదనంగా ఒక టైరు మడిచి సంచిలో పెట్టుకోమన్నాను. అలాగే కొనేముందు టైరు పక్కన చిన్న అక్షరాలలో 57-622 వంటి జంట అంకె ఉందేమో చూడమన్నాను. మొదటిది టైరు వెడల్పు, రెండోది నేమి. దుకాణదారు ఏ పేరు చెప్పినా సరే, రెండో అంకె రిమ్ముతో కలవాలి. మొదటిది వెనక ఫ్రేము కడ్డీల మధ్య బురదకు కూడా చోటు మిగిల్చి పట్టాలి.