కారు పాటకు తలుపే పెట్టె

కారులో పాట బాగా వినిపించాలంటే ఖరీదైన స్పీకర్లు కొనాలనుకుంటాం. చరిత్ర చూస్తే, స్పీకరు తయారీ సూత్రం ఎప్పుడో కుదురుకుంది. దాన్ని కారులో ఎక్కడ, ఎలా బిగించాలో తేలడానికే దశాబ్దాలు పట్టింది.

1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ చూపిన పద్ధతే నేటికీ నడుస్తోంది. అయస్కాంతం నడుమ తీగచుట్ట కదులుతుంది, దానికి అతికించిన కోన్ గాలిని కదిలిస్తుంది. 1930లో గాల్విన్ సోదరులు మోటరోలా పేరుతో కారు రేడియోను అమ్మకానికి తెచ్చారు.

ఇక మన భిలాయ్ సంగతికొస్తే, ఇక్కడి ఉక్కు కర్మాగారం తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. వివిధ భారతి అప్పటికే 1957 నుంచి పాడుతోంది. రేడియోకు లైసెన్సు కట్టాల్సిన ఆ కాలంలో అంబాసిడర్‌లో రేడియో ఉంటే అదే హోదా. డ్యాష్‌బోర్డులో ఒక్క స్పీకరు చాలేది, ఎందుకంటే మీడియం వేవ్ ప్రసారంలో సన్నని శబ్దాలు ఎలాగూ ఉండవు.

కర్మాగారం పనికి ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లు సొంతూరికి కారులో వెళ్లాలంటే రాయపూర్, జగదల్‌పూర్, కోరాపుట్, సాలూరు మీదుగా విజయనగరం వైపు సాగే పాత 43వ నంబరు జాతీయ రహదారి ఉండేది. అంత దూరం తెలుగు పాట తోడు రావాలంటే రేడియోను నమ్ముకోలేం. ఆ లోటు క్యాసెట్ తీర్చింది. ఫిలిప్స్ దాన్ని 1963లోనే తెచ్చినా, మన మధ్యతరగతి కార్లలోకి వెల్లువలా వచ్చింది 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కాకే. క్యాసెట్‌తో స్టీరియో వచ్చింది, స్పీకర్లు రెండయ్యాయి. వెనక అద్దం కింది షెల్ఫ్‌కు కోడిగుడ్డు ఆకారపు ఆరు-తొమ్మిది అంగుళాల స్పీకర్లు బిగించేవారు. మోత పెరిగింది కానీ, గాయకుడు వెనక సీట్లో కూర్చున్నట్టుండేది.

1984లో పయనీర్ కారు సీడీ ప్లేయరు తెచ్చింది. టేపు బుస పోయేసరికి మిగతా లోపాలన్నీ బయటపడ్డాయి. అదే దశకంలో వచ్చిన నియోడిమియం అయస్కాంతాలు చిన్నవే అయినా బలమైనవి. పలుచని తలుపులోనూ మంచి స్పీకరు పట్టే వీలు కలిగింది. జనరల్ మోటార్స్ 1983 మోడల్ కార్లకు బోస్ సంస్థ ఆ కారు లోపలి ఆకారాన్ని బట్టే ధ్వని వ్యవస్థను రూపొందించింది. చూపు స్పీకరు నుంచి కారు మీదికి మళ్లింది.

కోన్ ముందుకు పంపిన శబ్దానికి దాని వెనక వైపు శబ్దం తలకిందులు. తలుపులోని కంతల గుండా రెండూ కలిస్తే బేస్ మాయమవుతుంది. పలుచని ఉక్కు రేకు తన వంతుగా గణగణలాడుతుంది. డబ్బా మీద 50 వాట్లని రాసినా, కారులో దొరికేది 14 వోల్టులే కనుక మామూలు స్టీరియో ఒక్కో స్పీకరుకు శుభ్రంగా ఇచ్చేది 20 వాట్ల దరిదాపులే. ఆ కొద్ది శక్తిని తలుపు తినేస్తే ఎంత పెద్ద బ్రాండైనా ఒక్కటే. అందుకే ఇప్పుడు తెలిసిన ఫిట్టర్లు మొదట తలుపు రేకుకు అదురు తగ్గించే బ్యూటైల్ షీట్ అతికించి, కంతలు మూసి, స్పీకరును గట్టి రింగు మీద బిగిస్తారు. సన్నని శబ్దాలు పలికే ట్వీటరు విడిగా ఉండే కాంపోనెంట్ సెట్ వంతు ఆ తర్వాతే.

రేకును పలుచగా సాగదీస్తే మోగుతుందని ఉక్కు ఊరివాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. కారుకు ఆ తెలివినే వాడితే చాలు. డబ్బు కొంచెమే ఉంటే దాన్ని మొదట తలుపుకే ఖర్చు పెట్టాలి.