వాల్వు ఆంప్లిఫయర్లు నిలిచిన విధము

గ్రామఫోను రికార్డు గాడి వెంబడి సాగు ముల్లు పుట్టించెడి విద్యుత్తు అత్యల్పమైనది. లౌడుస్పీకరును కదలించుటకు అది చాలదు. దాని రూపము చెడకుండ అనేక రెట్లు పెంచుటయే ఆంప్లిఫయరు పని. 1904లో ఇంగ్లండున ఫ్లెమింగు నిర్మించిన వాల్వుకు, కొలది సంవత్సరములలోనే అమెరికాలో లీ డి ఫారెస్టు సన్నని జాలి నొకదానిని చేర్చినాడు. గాలి తీసిన గాజుబుడ్డిలో ఎర్రగా కాలు తంతువు నుండి పలకకు ప్రవహించు కరెంటును ఈ జాలి, కాలువ నీటిని తూము తలుపువలె, అదుపు చేయును. జాలిపై స్వల్పమైన మార్పు కలిగిన చాలును, ప్రవాహమున గొప్ప మార్పు కలుగును.

అయినను మంచి సంగీతమునకు తగిన ఆంప్లిఫయరు సామాన్యుని చేతికి వచ్చుటకు మరి నలువది ఏండ్లు పట్టినది. 1947 ఏప్రిల్, మే నెలల ‘వైర్‌లెస్ వరల్డు’ పత్రికలో డి. టి. ఎన్. విలియమ్సన్ అను ఇంజనీరు పదునైదు వాట్ల ఆంప్లిఫయరు నొకదానిని వర్ణించినాడు. అందు ధ్వని వికృతి నూటికి పదియవ వంతును మించదు. అంతకన్న ముఖ్యమైనది వేరొకటి కలదు: వలయపటముతోపాటు ట్రాన్స్ఫార్మరు తీగ చుట్టవలసిన వివరములను గూడ అతడు దాచక ప్రకటించినాడు. చేతనైనవారెల్ల తమ ఇంటనే నిర్మించుకొనిరి. ఈ యంత్రములు నేటికిని బ్రతికియుండుటకు కారణము వాని నాదమాధుర్యమే యని పలువురు చెప్పుదురు గాని, ఈ దాపరికము లేమియే అసలు కారణమనవలెను.

స్టీరియో భావన అంతకు ముందుదే. ఇంగ్లండులో అలన్ బ్లమ్లీన్ 1931లోనే దానికి పేటెంటు కోరినాడు. 1942లో రాడారు పరీక్షలకై పోయిన విమానము కూలి అతడు మరణించినాడు. స్టీరియో రికార్డులు విరివిగా అంగళ్ళకు వచ్చిన 1958వ సంవత్సరమును చూడలేదు. కుడి యెడమలకు వేరువేరు ధ్వనులు కావలెనన్న ఆంప్లిఫయర్లు రెండు కావలెను. ఆ రెంటిని ఒకే పీఠముపై అమర్చి, అమెరికాలో డేవిడ్ హాఫ్లర్ స్థాపించిన డైనాకో సంస్థ 1959లో ‘స్టీరియో 70’ని విడుదల చేసినది. ఒక్కొక్క వైపునకు 35 వాట్లు. విడిభాగములుగా కొన్నచో నూరు డాలర్లకు అయిదు సెంట్లు తక్కువ. ఆఫీసు నుండి ఇల్లు చేరిన గుమాస్తా పుస్తకము చూచుకొనుచు నాలుగు సాయంకాలములలో దానిని సోల్డరు చేసి ముగింపగలిగెడివాడు. 1961లో వచ్చిన మెకింటాష్ ఎం.సి. 275 అంతకు రెట్టింపుకు మించిన శక్తి కలది, చూడ ముచ్చటయైనది, ధనికులది. సంగ్రాహకులు దానిని కోరుట వింత కాదు. కాని స్వహస్తములతో బాగుచేయుట నేర్చుకొనగోరువారు తరచుగ స్టీరియో 70 తోనే ప్రారంభింతురు.

ట్రాన్సిస్టరు రాకతో వాల్వు యంత్రములు అటకలెక్కినవి. 1970ల నుండి జపాను రసికులు అమెరికా సినిమాశాలలలోని పాత వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఆంప్లిఫయర్లను వెదకి కొనసాగిరి. చెత్తయనుకొన్నదానికి వెల యేర్పడినది.

ఏండ్ల తరబడి మూలబడిన ఆంప్లిఫయరును తెచ్చిన వెంటనే ప్లగ్గులో పెట్టి చూడవలెనను ఆతురత అందరికిని కలుగును. ఎన్నో యంత్రములను పొట్టబెట్టుకొన్నది ఆ ఆతురతయే. లోపలి ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు ఎండిపోయియుండును. ముందరి వాల్వు నుండి ధ్వనిని మాత్రము పంపి అధిక ఓల్టేజీని ఆపవలసిన కండెన్సరు లీకైనచో, ఆ ఓల్టేజీ చివరి వాల్వు జాలిని చేరును. కరెంటు హద్దు మీరును, పలక ఎర్రబడును. అప్పటికిని స్విచ్చి కట్టివేయనిచో అవుట్‌పుట్ ట్రాన్స్ఫార్మరు మాడును. అతి చౌకయైన వస్తువు చెడి అతి విలువైనదానిని చెరచుట ఇందలి చిత్రము. ఆ ట్రాన్స్ఫార్మరుకు నకళ్ళు దొరకినను, సంగ్రాహకుని దృష్టిలో యంత్రము ప్రాణము పోయినట్లే. కావున పాత కండెన్సర్లను ముందే మార్చి, ఓల్టేజీని మెల్లమెల్లగ పెంచుదురు. పిమ్మట బయాసు సరిచూడవలెను: స్టీరియో 70లో నియమిత స్థానమున మీటరు 1.56 ఓల్టులు చూపవలెను. కొత్త టార్చి సెల్లు ఓల్టేజీ ఇంచుమించు అంతే. మీటరుపై నమ్మకము లేనివాడు దానితో పోల్చుకొనవచ్చును. ప్లగ్గు తీసిన తరువాత గూడ కండెన్సర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండగలదు. దానిని ఖాళీ చేయక లోపల చేయి పెట్టరాదు.

ఒక్క కండెన్సరు మార్చినను చారిత్రక వస్తువు చెడినదని వాదించువారు కలరు. పాడక బీరువాలో కూర్చున్నది ఆంప్లిఫయరా, బొమ్మయా? తీసిన భాగములను సంచిలో కట్టి యంత్రముతోనే భద్రపరచువారి మార్గము మేలుగా తోచును.

స్టీరియో 70కి కావలసిన ఇ.ఎల్. 34 వాల్వులు నేటికిని రష్యా, స్లొవేకియా, చైనాలలో తయారగుచున్నవి. ముందుభాగపు 7199 వాల్వు మాత్రము అరుదైపోయినది. అయినను వలయపటము అందరి యెదుట ఉండుటచే, వేరు వాల్వులతో పనిచేయు బోర్డులను పలువురు రూపొందించిరి.

మన దేశమున బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీ ప్రారంభించినది. వాల్వు రేడియోలను బాగుచేసిన పాత మెకానిక్కుల హస్తకౌశలమే ఈ ఆంప్లిఫయర్లకును పనికివచ్చును. అమెరికా నుండి తెచ్చుకొన్నవారు మన 230 ఓల్టులను 120కి దించు ట్రాన్స్ఫార్మరును మధ్య పెట్టవలెను. అచటి 60 సైకిళ్ళకు మాత్రమే ఉద్దేశించిన యంత్రము మన 50 సైకిళ్ళపై మరికొంత వేడెక్కును. కాన చుట్టును గాలి ఆడునట్లు ఉంచవలెను.