సూర్యుని హోరు విన్న రూబీ

రేడియోలో గరగర మొదలైతే విసుక్కుని మీట తిప్పేవాళ్లం మనం. అటువంటి గరగరలోంచే ఒక శాస్త్రం పుట్టింది.

1942 ఫిబ్రవరి ఆఖరున ఇంగ్లండులోని రాడార్లు హోరెత్తిపోయాయి. శత్రువుల పన్నాగమేమోనని సైన్యం కంగారుపడింది. జె. ఎస్. హే పరిశీలించి చూస్తే, ఆ హోరు సూర్యుడున్న దిక్కునుంచి వస్తోంది! యుద్ధకాలం గనుక ఆ సంగతి అప్పట్లో గుప్తంగానే ఉండిపోయింది.

యుద్ధం ముగిశాక సిడ్నీలోని రేడియోఫిజిక్స్ లేబొరేటరీ వారు ఈ పని చేపట్టారు. వారిలో రూబీ పేన్-స్కాట్ ఒకరు. 1947 మార్చి 8న వచ్చిన పెద్ద విస్ఫోటాన్ని ఆమె, యాబ్‌స్లీ, బోల్టన్ కలిసి పరిశీలించారు. అది 200 మెగాసైకిళ్ల దగ్గర ముందు వినిపించి, తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర కొన్ని నిమిషాలు ఆలస్యంగా వినిపించింది. చిన్న విస్ఫోటాలలోనూ ఇటువంటి ఆలస్యం ఉన్నదనీ, అది సెకన్లలోనే ముగుస్తుందనీ తరువాత తేలింది.

ఎందుకీ ఆలస్యం? సూర్యుని చుట్టూ ఉన్నది ప్లాస్మా, అంటే అణువులనుంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువు. ఎలక్ట్రాన్లు ఎంత దట్టంగా ఉంటే దాని ఊపు అంత చురుకు. పైకి పోయేకొద్దీ వాయువు పలచనై ఊపు మందగిస్తుంది. కనుక సూర్యునినుంచి పైకి పోతున్నదేదో దారి పొడవునా ప్లాస్మాను ఊపుతున్నదన్నమాట. 1950లో వైల్డ్, మెక్రెడీ ఈ విస్ఫోటాలను మూడు రకాలుగా విడదీశారు. త్వరగా జారే మూడో రకానికి కారణం, కాంతి వేగంలో మూడో వంతు వరకు వేగంతో దూసుకుపోయే ఎలక్ట్రాన్ల పుంజాలు. ప్లాస్మా ఊపు రేడియో తరంగంగా ఎలా మారుతుందో 1958లో గింజ్‌బర్గ్, జెలెజ్న్యకోవ్ వివరించారు. హీలియోస్ నౌకలు అంతరిక్షంలో ఆ ప్లాస్మా తరంగాలనే పట్టుకున్నట్లు 1976లో వెల్లడైంది.

అప్పటికి రూబీ పరిశోధన వదిలి పాతికేళ్లయింది. పెళ్లయిన స్త్రీకి ప్రభుత్వంలో పర్మనెంటు ఉద్యోగం ఉండరాదని ఆనాడు ఆస్ట్రేలియాలో నిబంధన. 1944లో చేసుకున్న పెళ్లిని ఆమె ఏళ్ల తరబడి దాచవలసి వచ్చింది. 1950లో అది బయటపడి పర్మనెంటు హోదా పోయింది. మరుసటి ఏడు, కాన్పుకు ముందు, ఉద్యోగమే మానేశారు. ఆ నిబంధన 1966లో గాని పోలేదు. తరువాత బడిపంతులుగా పనిచేసిన రూబీ 1981లో కన్నుమూశారు.

పిల్లలు పుట్టాక అమ్మాయి ఉద్యోగం మానాలా అన్న చర్చ మన ఇళ్లలోనూ భోజనాల దగ్గర వస్తూనే ఉంటుంది. ఈసారి వచ్చినప్పుడు రూబీ సంగతి కూడా చెప్పుకుందాం.