గెలిచినా గుర్రంపై వేటు.. రేసింగ్‌లో విప్ గొడవ ఏంటి?

2011 గ్రాండ్ నేషనల్. బ్రిటన్‌లో బాగా పేరున్న జంప్ రేస్ ఇది. బాలాబ్రిగ్స్ అనే గుర్రం గెలిచింది. కానీ విప్ (కొరడా) మరీ ఎక్కువగా వాడాడంటూ జాకీ జేసన్ మగ్వైర్‌పై 5 రోజుల నిషేధం పడింది. గెలుపు మాత్రం చెల్లింది. అసలు గొడవంతా ఇక్కడే. శిక్ష జాకీకి, కప్పు ఓనర్‌కి అయితే దెబ్బలు ఆగుతాయా?

ఇప్పుడు రూల్ ఏంటి?
2023లో బ్రిటన్ రూల్స్ మార్చింది. ఫ్లాట్ రేసులో 6 సార్లు, జంప్ రేసులో 7 సార్లకు మించి కొట్టకూడదు. మించితే జాకీపై చర్యలు. 4 దెబ్బలు లేదా అంతకంటే ఎక్కువ దాటితే గుర్రంపైనే అనర్హత వేటు. అంటే ఫస్ట్ వచ్చినా గెలుపు దక్కదు.

జాకీలు ఏమంటున్నారు?
ఇప్పటి విప్‌కు మెత్తటి ఫోమ్ ఉంటుందని, దెబ్బ కంటే చప్పుడే ఎక్కువని చెబుతున్నారు. గుర్రం పక్కకు లాగితే దారిలో పెట్టడానికి విప్ ఉండాల్సిందేనని వాదిస్తున్నారు.

మరి సైన్స్?
నొప్పి తెలిసే నరాల విషయంలో గుర్రం చర్మం పైపొరకు, మనిషి చర్మానికి పెద్దగా తేడా లేదని 2020లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. అదే ఏడాది బ్రిటన్‌లోని 126 రేసులను పోల్చి చూశారు. విప్ వాడనంత మాత్రాన వేగం తగ్గలేదు, గుర్రాలు అదుపు తప్పలేదు.

పరుగు పెంచడానికి కొట్టడాన్ని నార్వే 1982లోనే ఆపేసింది. అక్కడ రేసులు మాత్రం ఆగలేదు.