పాత మోటారు, కొత్త మరమ్మతు

1932 జూన్ 15వ తేదీన నిజాం రాష్ట్ర రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభమయింది. స్కాట్లండులోని ఆల్బియన్ కంపెనీ తయారుచేసిన ఆనాటి బస్సు ఒకటి హైదరాబాదులోని బస్ భవన్‌లో ప్రదర్శనకు ఉంచబడినది. చౌమహల్లా ప్రాసాదంలో నిజాముల కాలపు పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కారును కూడ చూడవచ్చు. ఇటువంటి వాహనాలను తేమ, తుప్పు, చెదల నుండి కాపాడితే చాలును. కాని పాత కారును రోడ్డుపై నడుపదలచినవారికి చిక్కు ప్రశ్న ఒకటి ఎదురవుతుంది. దానిని ఉన్నది ఉన్నట్లు ఉంచవలెనా, లేక ఈ కాలానికి తగినట్లు మార్చవలెనా?

అసలు రూపం అంటే ఏమిటో మొదట తేల్చుకోవాలి. రోల్స్ రాయిస్ కంపెనీ సిల్వర్ ఘోస్ట్ రకపు కార్లను 1906 నుండి 1926 వరకు నిర్మించింది. ఈ ఇరవై ఏండ్లలో ఆ కారు ఒకే తీరున లేదు. తొలుత 7,036 ఘన సెంటీమీటర్లుగా ఉన్న ఇంజన్ తరువాత 7,428కి పెరిగింది. మొదట్లో చేతితో తిప్పి ఇంజన్‌ను నడిపించవలసి వచ్చేది. 1919 నుండి విద్యుత్ స్టార్టరు అమర్చారు. ముందు చక్రాలకు బ్రేకులు 1920ల నడిమి కాలంలో గాని రాలేదు. కనుక అసలు రూపమనేది ఆ రకానికంతటికీ ఒక్కటి కాదు. ఏ కారుకు ఆ కారు పుట్టిన సంవత్సరమే ప్రమాణం.

బ్రేకుల సంగతే తీసుకుందాం. వేగం రెట్టింపయితే గతిజశక్తి నాలుగు రెట్లవుతుంది. ఆ శక్తినంతా బ్రేకులు వేడిగా మార్చాలి. పైగా బ్రేకు వేయగానే బరువు ముందు చక్రాలపైకి మొగ్గుతుంది, వెనుక చక్రాల పట్టు సడలుతుంది. అందువలన వెనుక బ్రేకులు మాత్రమే ఉన్న కారు బండ్లు, గుర్రాలు నడిచే ఆనాటి వీధులకు సరిపోయినా, నేటి రహదారిపై ప్రాణాపాయం కావచ్చును. ఇక్కడ చరిత్రపై గౌరవం ఒకవైపు, మనిషి ప్రాణం ఒకవైపు ఉన్నవి.

ఇంధనం కూడ మారిపోయింది. ఇంజన్ కొట్టుకోకుండా పెట్రోలులో సీసపు సమ్మేళనం కలపడం 1923లో మొదలయింది. ఆ సీసమే వాల్వులు కూర్చునే చోటు అరగకుండా కాపాడేది. భారతదేశంలో 2000 సంవత్సరంలో దానిని మానివేశారు. సీసానికి అలవాటుపడిన పాత ఇంజన్లకు గట్టి లోహపు వలయాలు బిగించడం మేలు. సీసం రాకముందే పుట్టిన కారుకు ఈ బెడద తక్కువ. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. అది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరును చెడగొడుతుంది. అందుచేత గొట్టాలను, వాషర్లను మార్చక తప్పదు. ఈ మార్పులేవీ పైకి కనిపించవు.

మరి హద్దు ఎక్కడ? 2021లో కేంద్ర ప్రభుత్వం చేసిన నియమాల ప్రకారం 50 ఏండ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరుగని వాహనాన్నే వింటేజ్ వాహనంగా నమోదు చేస్తారు. దాని నంబరులో 'వీఏ' అనే అక్షరాలుంటాయి. ఇంజన్‌ను తీసివేసి కొత్తది పెట్టినవాడు సౌకర్యం పొందవచ్చునేమో గాని ఆ గుర్తింపును పోగొట్టుకొంటాడు. 1964లో కట్టడాల రక్షణకై వెనిస్‌లో వెలువడిన సూత్రావళిని అనుసరించి, పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య టురిన్ సూత్రావళిని రూపొందించింది. తప్పనిసరి మార్పులు కొట్టవచ్చినట్లు కనబడకూడదని, వాటిని మళ్ళీ తీసివేయడానికి వీలుండాలని దాని సారాంశం.

ఈ సూత్రం రాజుల కార్లకే కాదు. 1957 నుండి 2014 వరకు తయారైన అంబాసిడర్ కారు మోమిన్‌పేటలోనో తాండూరులోనో ఎవరి కొట్టంలోనైనా ఉంటే దానికీ వర్తిస్తుంది. బోల్టులతో బిగించిన బ్రేకును రేపు విప్పవచ్చును. కోసి అతికిన చాసిస్‌ను మునుపటిలా చేయలేము. తీసిన ప్రతి భాగాన్ని నూనె రాసి దాచి, ఏ తేదీన ఏది ఎందుకు మార్చినదీ ఒక పుస్తకంలో వ్రాసి ఉంచితే ఆ కారు రోడ్డుపై క్షేమంగా నడుస్తుంది, దాని చరిత్రా చెడదు.