ముప్పది తొమ్మిది అంకెల ప్రధాన సంఖ్య

తనతోను, ఒకటితోను తప్ప మరి దేనితోను నిశ్శేషముగా భాగింపబడని సంఖ్యను ప్రధాన సంఖ్య యందురు. 7 అట్టిది, 6 అట్టిది కాదు. ఇట్టి సంఖ్యలకు అంతము లేదని యూక్లిడ్ క్రీస్తుకు పూర్వమే నిరూపించెను. అయినను, ఎదుట నిలిచిన పెద్ద సంఖ్య యొకటి ప్రధానమా, కాదా యని తేల్చుట వేరు పని. ఆ పని చరిత్రలో 170141183460469231731687303715884105727 అను సంఖ్యకు విశిష్ట స్థానము కలదు. నూట ఇరువది యేడు రెండులను ఒకదానితో నొకటి హెచ్చవేసి, ఒకటి తీసివేసినచో ఇది లభించును.

1644లో మరేన్ మెర్సెన్ అను ఫ్రెంచి క్రైస్తవ సన్న్యాసి ఇట్టి సంఖ్యల పట్టిక నొకదానిని ప్రకటించెను. 257 వరకు గల ఘాతములలో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అనువానికి మాత్రమే ప్రధాన సంఖ్యలు వచ్చునని వ్రాసెను. నిరూపణ చూపలేదు. 1772లో ఆయిలర్ 31వ ఘాతపు సంఖ్య, అనగా 2147483647, ప్రధానమని తేల్చెను. చివరి మూడును మాత్రము మరి నూరేండ్లు ఎవరికిని కొరుకుడు పడలేదు.

కారణము స్పష్టము. 127వ ఘాతపు సంఖ్యకు వర్గమూలమే ఇరువది యంకెలు గలది. అంతవరకు గల ప్రతి సంఖ్యతోను, సెకనునకు ఒకటి చొప్పున భాగించి చూచినచో దాదాపు 40,000 కోట్ల సంవత్సరములు పట్టును.

1876లో ఎద్వార్ లూకాస్ అను ఫ్రెంచి గణితజ్ఞుడు వేరొక త్రోవ కనుగొనెను. 1930లో అమెరికాకు చెందిన లేమర్ దానిని సరళము చేసెను. 4తో మొదలిడి, వర్గము చేసి, 2 తీసివేసి, పరీక్షింపవలసిన సంఖ్యతో భాగించి, శేషమును గ్రహించి, దానికి మరల ఇట్లే చేయవలెను. 5వ ఘాతపు సంఖ్య యగు 31ని చూతము. 4 నుండి 14 వచ్చును. 14 నుండి 194. దీనిని 31తో భాగింప శేషము 8. 8 నుండి 62. ఇది 31తో నిశ్శేషముగా పోవును. ఘాతమునకు రెండు తక్కువగు మెట్టున, ఇచట మూడవ మెట్టున, శేషము సున్నయైనచో సంఖ్య ప్రధానము, కానిచో కాదు. 127కు 125 మెట్లు చాలును.

లూకాస్ చేతిలెక్కతోనే 127వ ఘాతపు సంఖ్య ప్రధానమని స్థాపించెను. 67వ ఘాతపు సంఖ్య ప్రధానము కాదనియు ఆయనయే చూపెను. కాని దాని కారణాంకములలో ఒక్కటియు ఆనాడు తెలియదు. ఇంట దొంగ యున్నాడని తేలినది, ఎవరో తెలియలేదు. 1903లో అమెరికాలో ఫ్రాంక్ కోల్ ఆ గుట్టు విప్పెను: 193707721, 761838257287 అను రెండింటి లబ్ధమే ఆ సంఖ్య. 257 విషయమునను మెర్సెన్ పొరబడినట్లు తరువాత తేలెను. 61, 89, 107 అను ఘాతములను ఆయన విడిచివేసెను.

లూకాస్ సంఖ్య 1951 వరకు, డెబ్బదియైదేండ్లు, తెలిసిన ప్రధాన సంఖ్యలలో గరిష్ఠమై నిలిచెను. 1952లో గణక యంత్రము 157 అంకెల దానిని కనుగొనెను. 2024లో 136279841వ ఘాతమునకు 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్య లభించెను. యంత్రములు మారినవి, దానిని ధ్రువపరచినది మాత్రము లూకాస్ నాటిన పరీక్షయే. పేరుగల పండితుని మాటకును, నిరూపణకును గల భేదమును ఈ సంఖ్యల కథ మనకు నేర్పుచున్నది.